వెండితెరకు ఇల్లు కట్టిన రఘుపతి వెంకయ్య

కవికి తాటాకు, గంటము ఉన్న చాలును. చిత్రకారునకు గోడ చాలును. గాయకునకు గొంతు, తంబుర చాలును. నాటకమునకు, చలనచిత్రమునకు మాత్రము ఇల్లు కావలెను. పదిమంది ఒకచోట కూర్చుండి, ఒకే వైపు చూచుచు, ఒకేసారి నవ్వుటకును, ఒకేసారి కంట తడి పెట్టుటకును వీలయిన ఇల్లు కావలెను. మన విద్యార్థులకు నటుల పేర్లు తెలియును, నాటకకర్తల పేర్లు తెలియును. ఆ నాటకములు, ఆ చిత్రములు చూచుటకు నీడ కల్పించినవారెవరని అడుగువారు మాత్రము అరుదు. తెలుగువారిలో అట్టి నీడ కల్పించినవారిని స్మరింపవలసి వచ్చినపుడు మొదట చెప్పదగిన పేరు రఘుపతి వెంకయ్య నాయుడుగారిది. తెలుగు చలనచిత్ర పితామహుడని లోకము ఆయనను గౌరవించుచున్నది. ఆ గౌరవమునకు కారణమయిన చిత్రముల కంటె ముందుగా ఆయన కట్టిన ప్రదర్శనశాలల కథను ఈ వ్యాసములో చెప్పదలచినాము.

వెంకయ్యగారు 1869 అక్టోబరు 15న మచిలీపట్నములో జన్మించినారు. తండ్రి అప్పయ్య నాయుడుగారు సైన్యములో సుబేదారు. మచిలీపట్నము ఒకనాడు గోల్కొండ సుల్తానుల రేవు. అచ్చటి నుండి పారశీక దేశమునకు ఓడలు నడచెడివి. అచ్చటి అద్దకపు బట్టలకు కలంకారీ అన్న పేరు కూడ ఆ భాష నుండియే వచ్చినది. డచ్చివారు, ఆంగ్లేయులు, ఫ్రెంచివారు అందరును ఆ తీరమున గిడ్డంగులు కట్టినవారే. కాని వెంకయ్యగారు పుట్టునాటికి ఆ వైభవము తరిగిపోయినది. 1864 నవంబరులో వచ్చిన ఘోరమైన ఉప్పెన పట్టణమును ముంచివేసినది. వేలాది జనులు ఒక్క రాత్రిలో ప్రాణములు కోల్పోయినారు. ఆ గాయము ఇంకను మానని కాలమున, ఉప్పెన వచ్చిన అయిదేండ్లకు, ఈ బాలుడు జన్మించినాడు. పెరుగుచున్న పిల్లవానికి ఆ ఊరిలో పాత కథలు ఎక్కువ, కొత్త పనులు తక్కువ. కావున ఉన్న ఊరు విడుచుట ఆనాటి యువకులకు వింత కాదు.

ఆ కాలమున కోస్తా జిల్లాలకు రాజధాని మద్రాసు. బెజవాడ నుండి మద్రాసుకు సముద్రతీరపు రైలుమార్గము 1899లో గాని పూర్తికాలేదు. అంతకు మునుపు సరకులును, మనుష్యులును పోయినది ఎక్కువగా నీటిమార్గముననే. మన తాడేపల్లి ప్రక్కన సీతానగరము వద్ద కృష్ణ ఆనకట్ట నుండి బయలుదేరు పడమటి కాలువలో పడవ ఎక్కినవారు దుగ్గిరాల మీదుగా కొమ్మమూరు కాలువలో ప్రవేశించి, పెదగంజాము వద్ద బకింగుహాము కాలువ కలిసి, మెల్లగా మద్రాసు చేరెడివారు. 1876-78 నాటి మహాకరువులో పొట్ట చేతబట్టుకొని వచ్చిన కూలీల చేత త్రవ్వించి విస్తరింపజేసిన కాలువ అది. నేడు మన కళాశాల విద్యార్థులు దినదినమును చూచు ఆ నీటికి అట్టి చరిత్ర కలదు.

వెంకయ్యగారు పదునేడేండ్ల ప్రాయమున మద్రాసు చేరినారు. ఆయనకు చిత్రకళ యందు అభిరుచి కలదు. కొంతకాలమునకు మౌంటు రోడ్డున ఫోటో స్టూడియో నెలకొల్పి ఛాయాచిత్రకారుడుగా పేరు సంపాదించినారు. ఫోటో తీయుట ఆనాడు ఒక తపస్సు వంటిది. విద్యుద్దీపముల కాంతి లేదు. పైకప్పులోనో గోడలోనో అద్దములు అమర్చి సూర్యరశ్మిని లోపలికి రప్పించి, తెరలతో దానిని అదుపులో పెట్టవలెను. ఇంటికప్పును, వెలుతురును, మనిషి ముఖమును ఒక్కటిగా చూడగల దృష్టి ఆ వృత్తిలో అలవడును. ఆ దృష్టియే తరువాతి కాలమున ఆయనకు పెట్టుబడి అయినది.

ఆయన మద్రాసులో స్థిరపడుచున్న దినములలోనే నగరము నడిబొడ్డున ఒక గొప్ప సభాభవనము లేచుచుండెను. దానిని గూర్చి కొంచెము విపులముగా చెప్పవలసి యున్నది. వెంకయ్యగారి జీవితములోని మలుపు ఆ కప్పు క్రిందనే జరిగినది. మద్రాసు పౌరులకు సభలు జరుపుకొనుటకు, నాటకములు ఆడుకొనుటకు తగిన స్థలము లేదన్న కొరత తీర్చుటకు నగర ప్రముఖులు పూనుకొన్నారు. విజయనగర మహారాజు పూసపాటి ఆనంద గజపతిరాజుగారు 1883 డిసెంబరులో శంకుస్థాపన చేసినారు. తిరువాన్కూరు, మైసూరు సంస్థానాధీశులును, పలువురు జమీందారులును విరాళములిచ్చినారు. నగరపాలక సంస్థ నామమాత్రపు అద్దెకు 99 ఏండ్ల కౌలుపై స్థలమిచ్చినది. విక్టోరియా రాణి పట్టాభిషేక స్వర్ణోత్సవ సందర్భమున దానికి విక్టోరియా పబ్లిక్ హాలు అని పేరు పెట్టినారు. సెంట్రల్ రైలు స్టేషనుకు చేరువనే, తరువాత కట్టిన రిపన్ భవనమునకు ప్రక్కన అది నేటికిని నిలిచియున్నది.

ఆ భవనమునకు రూపకల్పన చేసినవారు రాబర్టు ఫెలోస్ చిషోమ్. కట్టించినవారు తాటికొండ నంబెరుమాళ్ శెట్టిగారు. చిషోమ్ ఆంగ్లేయుడే అయినను ఈ దేశపు కట్టడములను శ్రద్ధగా చూచినవాడు. ఆర్కాటు నవాబుల చేపాకు మహలునకు మార్పులు చేసి, దాని రెండు భాగముల నడుమ ఎత్తయిన గోపురమును కట్టినవాడు. మద్రాసు విశ్వవిద్యాలయపు సెనేట్ హౌసు ఆయన సృష్టియే. హిందూ, ముస్లిం, ఐరోపా శైలులను కలుపు పద్ధతి ఒకటి ఆ దినములలో ప్రచారములోనికి వచ్చినది. ఇండో సారసెనిక్ శైలి అని దానికి పేరు. విక్టోరియా హాలు ఆ శైలికి చక్కని ఉదాహరణము.

మేము మద్రాసు వెళ్ళిన సందర్భమున ఆ భవనమును వెలుపల నిలిచి తిరిగి తిరిగి చూచినాము. ఎర్ర ఇటుక, సున్నముతో కట్టిన గోడలు. ఉత్తర దక్షిణములందు కమానుల వరుసతో నీడనిచ్చు వరండాలు. వానిని మోయుచున్నవి సన్నని గ్రీకు తరహా స్తంభములు. మూడంతస్తులకు మించిన చదరపు బురుజు. దాని పైన కేరళ దేశపు ఇండ్లను తలపించు ఏటవాలు కప్పు. బురుజు పైభాగమున కాల్చిన మట్టితో చేసిన పట్టీ యున్నది. దాని అల్లిక దూరము నుండి చూచువారికి అరబీ లిపిలో ఏదో వ్రాసినట్లే తోచును. అది అక్షరము కాదు, అలంకారము; అయినను మసీదు ద్వారములపై లిపిని చూచి పెరిగిన కన్ను అచ్చట ఒక్క క్షణము ఆగి చదువబోవును. లోపల క్రింది అంతస్తులోను, పై అంతస్తులోను ఆరేసి వందల మంది కూర్చుండుటకు వీలయిన శాలలు, తూర్పున కొయ్యతో చేసిన గ్యాలరీ కలవు. గ్రీసు స్తంభము, ఇటలీ బురుజు, తిరువాన్కూరు కప్పు, ముస్లిం కమాను ఒకే ఇంటిలో తగవు లేక కాపురము చేయుచున్నవి. కమాను, బురుజు, దర్వాజా అను మాటలు ఉర్దూ ద్వారమున తెలుగులోనికి వచ్చి మన మేస్త్రీల నోట తెలుగు మాటలే అయిపోయినట్లు, ఆ రూపములును ఆ గోడలో ఒదిగిపోయినవి. రెండు భాషల విద్యార్థులు ఒకే కప్పు క్రింద చదువు మన కళాశాల పాఠకులకు ఈ పోలిక ప్రత్యేకముగా రుచించునని మా నమ్మకము.

ఆ శాలతో తెలుగువారికి మరొక బంధుత్వము కూడ కలదు. 1891లో బళ్ళారి నుండి ధర్మవరము రామకృష్ణమాచార్యులవారి సరసవినోదినీ సభ వచ్చి అచ్చట తెలుగు నాటకములు ప్రదర్శించినది. చదువుకొన్నవారు, ఉద్యోగములలో నున్నవారు వేషము కట్టుటను చూచి ప్రేరణ పొందిన పమ్మల్ సంబంధ మొదలియారుగారు ఆ ఏడే సుగుణ విలాస సభను స్థాపించి తమిళ నాటకరంగమునకు కొత్త దారి వేసినారు. తెలుగు నటులు వెలిగించిన దీపముతో తమిళులు తమ దీపమును వెలిగించుకొన్న చోటు అది. 1896-97 ప్రాంతములలో మద్రాసు ప్రజలు కదలు బొమ్మలను తొలిసారిగా చూచినదియు ఆ శాలలోనే.

మౌంటు రోడ్డున ఫోటోలు తీసికొనుచున్న వెంకయ్యగారి మనస్సును ఈ కదలు బొమ్మలు పట్టుకొన్నవి. నిశ్చలచిత్రమునకు చలనము వచ్చినది. ఇక దానికి మాట కూడ వచ్చిన ఎట్లుండునో అని ఐరోపాలో పలువురు ప్రయత్నించుచుండిరి. ఫ్రాన్సులో గోమన్ సంస్థ వారు క్రోనోమెగాఫోను అను యంత్రమును తయారుచేసినారు. ఒక వైపు ఫిల్ము చుట్ట తిరుగును, మరియొక వైపు గ్రామఫోను పళ్ళెము తిరుగును. రెండును ఒకే వేగమున తిరుగునట్లు వానిని విద్యుత్తుతో జోడింతురు. శబ్దము పెద్ద శాల అంతటను వినబడుటకై గాలిని ఒత్తిడితో పంపి ధ్వనిని హెచ్చింతురు. పళ్ళెము నిడివి ఎంతయో చిత్రము నిడివియు అంతే. కావున అవి కొద్ది నిమిషముల చిత్రములు మాత్రమే. పళ్ళెము ఒక్క చుట్టు వెనుకబడినచో మూసిన నోటి నుండి పాట వచ్చును. అంతటి సున్నితమైన యంత్రము అది.

దాని ఖరీదు 30 వేల రూపాయలు. ఆనాడు అది పొలములు, మేడలు కొనదగిన ధనము. వెంకయ్యగారి వద్ద అంత సొమ్ము లేదు. ఉన్నది స్టూడియో ఒక్కటే. ఇరువది ఏండ్లకు పైగా కష్టించి నిలబెట్టుకొన్న ఆ జీవనాధారమును ఆయన తాకట్టు పెట్టి యంత్రమును తెప్పించినారు. 1910లో విక్టోరియా పబ్లిక్ హాలులో ఆయన ప్రదర్శన జరిగినది. నలుబది యేండ్ల వయస్సులో, భార్యాబిడ్డలు గల గృహస్థుడు, ఈ దేశములో ఇంకను ఎవరికిని నమ్మకము కుదరని వ్యాపారమున సర్వస్వమును ఒడ్డుట సామాన్యమైన సాహసము కాదు. తెలుగు మాట వెండితెరపై పలుకుటకు ఇంకను ఇరువది రెండేండ్లు ఉన్నదన్న సంగతిని జ్ఞాపకముంచుకొన్నచో ఆ సాహసము విలువ తెలియును.

ఒక నగరములో ఎన్నాళ్ళు ఆడించినను యంత్రము అప్పు తీరదు. కావున ఆయన దానిని బండ్లపై, రైళ్ళపై, ఓడలపై ఎక్కించి బయలుదేరినారు. బెంగుళూరు, సింహళ ద్వీపము, బర్మాలోని రంగూను, పెగూ పట్టణములు తిరిగినారు. బర్మాలో ఆనాడు తెలుగు కూలీలు, వర్తకులు వేలాదిగా నుండిరి. గుడారము వేయుట, యంత్రమును బిగించుట, ఆడించుట, విప్పుట, మరల పయనము. మన గుంటూరు, ఒంగోలు పల్లెలలో మిరపకాయలు కోసి, పత్తి తీసి, చేతిలో నాలుగు డబ్బులు ఆడు దినములలో వచ్చి దిగెడి టూరింగు టాకీసులను పెద్దవారు ఎరుగుదురు. ఆ సంచార ప్రదర్శకుల వంశమునకు తెలుగువారిలో మూలపురుషులలో ఒకరు వెంకయ్యగారు. తమిళ దేశమున సామిక్కణ్ణు విన్సెంటుగారు 1905 నుండి ఇట్లే ఊరూర తిరిగి, తరువాత కోయంబత్తూరులో ప్రదర్శనశాల కట్టినారు. ఇరువురును గుడారముననే విద్య నేర్చినవారు.

1912లో వెంకయ్యగారు లాభముతో మద్రాసు తిరిగివచ్చి ఎస్ప్లనేడు ప్రాంతమున గుడారము వేసి ప్రదర్శనలు సాగించినారు. కాని గుడారమునకు గాలివాన శత్రువు, ఎండ శత్రువు, నిప్పు శత్రువు. పైగా గుడారము ఎంత పెద్దదైనను అది పరదేశి ఇల్లు, ఏనాడైనను లేచిపోవునదే. మద్రాసులో అప్పటికి వెలసిన ఒకటి రెండు చిత్రప్రదర్శనశాలలు ఐరోపావారివి. ఈ దేశస్థుడు కట్టిన శాల ఒక్కటియు లేదు. ఆ కొరతను తీర్చుచు 1914లో మౌంటు రోడ్డు చేరువన బ్లాకర్స్ రోడ్డున వెంకయ్యగారు గెయిటీ థియేటరును నిర్మించినారు. భారతీయుని యాజమాన్యమున మద్రాసులో వెలసిన తొలి చలనచిత్ర ప్రదర్శనశాల అదియే. ఆ ఏడే మొదటి ప్రపంచ యుద్ధము ఆరంభమైనది. సెప్టెంబరు 22 రాత్రి జర్మను యుద్ధనౌక ఎమ్డెన్ మద్రాసు తీరముపై గుండ్లు కురిపించి నూనె తొట్లను తగులబెట్టినది. జనులు ఊరు విడిచి పోవుచుండిన కాలమున కొత్త శాలను నిలబెట్టుకొనుట ఎంత కష్టమో ఊహింపవచ్చును.

చిత్రప్రదర్శనశాల నాటకశాలకు తమ్ముని వంటిదే గాని, దాని కట్టడపు ధర్మములు వేరు. నాటకశాలకు లోతైన రంగస్థలము, నేపథ్యము, వేషముల గదులు కావలెను. చిత్రశాలకు రంగస్థలము స్థానమున తెల్లని తెర ఒక్కటి చాలును. కాని వెనుక ఎత్తున యంత్రపు గది కావలెను. అచ్చట నుండి వెలువడు కాంతి ప్రేక్షకుల తలల మీదుగా అడ్డు లేక తెరను చేరవలెను. నడుమ స్తంభములున్నచో దృశ్యము చెడును. కావున కప్పు బరువును ప్రక్క గోడల మీదికి తీసికొనిపోవలెను. ఆనాటి ఫిల్ము నైట్రేటుతో చేసినది. అగ్గిపుల్ల కంటె త్వరగా అంటుకొనును. నీరు పోసినను ఆరదు. దానిని మండుచున్న కార్బను దీపమునకు అంగుళముల దూరమున త్రిప్పవలెను. అందుచేత యంత్రపు గదిని నిప్పు వ్యాపింపని రీతిని వేరుగా కట్టవలసి వచ్చినది. 1918 నాటి సినిమాటోగ్రాఫు చట్టము ఈ భద్రతలను విధించి, లైసెన్సు లేనిదే ప్రదర్శన కూడదని శాసించినది. మూకీ చిత్రముల కాలము గనుక తెర ప్రక్కన వాద్యకారులకు చోటుండవలెను. తెరపై వచ్చు ఆంగ్లపు వ్రాతలను చదివి, కథను దేశభాషలో చెప్పు వ్యాఖ్యాతకును చోటుండవలెను. చదువురాని ప్రేక్షకునకు ఆ వ్యాఖ్యాతయే పురాణ కాలక్షేపము చేయు పంతులు.

ఈ కట్టడము తెచ్చిన మార్పులలో ఒకటి మాకు మిక్కిలి ముఖ్యముగా తోచుచున్నది. నాటకమునకు ముందు వరుస ఖరీదైనది. ఊరి పెద్దలు, అధికారులు ముందు కూర్చుండెడివారు. పేదవారు వెనుక నిలుచుండి తొంగి చూచెడివారు. చిత్రశాలలో ఇది తలక్రిందులయినది. తెరకు దగ్గర కూర్చున్నచో కన్ను నొచ్చును. కావున నేల టిక్కెట్టు ముందుకు వచ్చినది, కుర్చీ టిక్కెట్టు వెనుకకు పోయినది. అణా పెట్టి నేలపై కూర్చున్న కూలివాని వీపు వెనుక జమీందారు కూర్చుండవలసి వచ్చినది. ఏ కులమువాడు ఏ నీటిని ముట్టవలెనో, ఏ వీధిలో నడువవలెనో శాసించుచుండిన ఆ దినములలో, టిక్కెట్టు కొన్నవానిని కులమడుగక లోనికి పంపిన చోట్లలో చిత్రశాల ఒకటి. తరగతుల భేదము డబ్బును బట్టి నిలిచియే యున్నది. అయినను చీకటి పడిన తరువాత అందరి ముఖములపైనను పడు వెలుగు ఒక్కటే. ఇట్టి స్థలమును కట్టినవారు తెలిసియో తెలియకయో సంఘమునకు గొప్ప మేలు చేసినారు.

గెయిటీ నిలదొక్కుకొన్న తరువాత వెంకయ్యగారు మింటు వీధిలో క్రౌను థియేటరును, పురసవాక్కములో గ్లోబు థియేటరును నెలకొల్పినారు. ఈ గ్లోబే తరువాత రాక్సీ అను పేరుతో ప్రసిద్ధి చెందినది. దొరల దుకాణములుండు మౌంటు రోడ్డు ప్రక్కన ఒకటి, వర్తకులు కిక్కిరిసిన జార్జిటౌనులో ఒకటి, సామాన్య గృహస్థులుండు పురసవాక్కములో ఒకటి. నగరపు మూడు రకముల జనులకు మూడు ఇండ్లు కట్టినట్లయినది. వానిలో ఆడినవి ఎక్కువగా అమెరికా, ఐరోపా చిత్రములు. వారము వారము కొనసాగు ధారావాహిక చిత్రములకు జనులు విరగబడెడివారు.

ఫాల్కేగారు బొంబాయిలో 1913లో రాజా హరిశ్చంద్రను విడుదల చేసినారు. నటరాజ మొదలియారుగారు కొలది యేండ్లకే మద్రాసులో కీచకవధము తీసినారు. మన కథలు మనవారే తీయగలరని తేలినది. పరాయివారి చిత్రములతోనే తన శాలలు నిండుట వెంకయ్యగారికి సరిపడలేదు. తన కుమారుడు ప్రకాశ్‌గారిని ఇంగ్లాండుకు పంపి బార్కర్ సంస్థలో చిత్రనిర్మాణము నేర్పించినారు. ప్రకాశ్‌గారు విదేశీ స్టూడియోలలో పని పద్ధతులను పరిశీలించి తిరిగివచ్చిన తరువాత తండ్రీకొడుకులు స్టార్ ఆఫ్ ది ఈస్ట్ అను సంస్థను స్థాపించినారు. పురసవాక్కములో అద్దాల స్టూడియో లేచినది. యవ్వనములో ఫోటోల కొరకు సూర్యరశ్మిని ఇంటిలోనికి పిలిచిన మనిషి, వార్ధక్యపు అంచున చలనచిత్రము కొరకు మరల దానినే పిలిచినారు. 1921 ప్రాంతమున భీష్మప్రతిజ్ఞ అను మూకీ చిత్రము తయారయినది. ప్రకాశ్‌గారే దర్శకుడు, భీష్ముడు కూడ ఆయనయే. గంగ పాత్రను ఒక ఆంగ్ల యువతి ధరించినది. తెలుగువారు నిర్మించిన తొలి కథాచిత్రముగా దానిని లెక్కింతురు. గజేంద్రమోక్షము, మత్స్యావతారము, నందనార్ మొదలగునవి తరువాత వచ్చినవి. కాకినాడకు చలనచిత్ర విద్యను తెచ్చి, 1934లో లవకుశ తీసిన సి. పుల్లయ్యగారు ప్రకాశ్‌గారి వద్ద శిక్షణ పొందినవారే.

సరిగా ఆ 1921లోనే కృష్ణకు ఆవలి ఒడ్డున, బెజవాడలో, పోతిన శ్రీనివాసరావుగారు మారుతీ సినిమాను కట్టినారు. కోస్తా ఆంధ్రదేశమున అది తొలి శాశ్వత చిత్రశాల. మద్రాసులో తెలుగువాడొకడు కట్టి చూపినది ఏడేండ్లలో మన నది ఒడ్డునకు వచ్చినది. పడవ మీదనో, రైలు వంతెన మీదుగానో, 1957 తరువాత ప్రకాశం బ్యారేజి మీద నడిచియో తాడేపల్లి, ఉండవల్లి, పెనుమాక గ్రామములవారు చిత్రము చూచుటకు ఆవలి ఒడ్డునకు పోవుట నాటి నుండి వచ్చిన అలవాటే.

వెంకయ్యగారి భాగ్యము మాత్రము నిలువలేదు. శాలను నడుపుట ఒక వ్యాపారము, చిత్రము తీయుట మరియొక వ్యాపారము. ముడి ఫిల్ము విదేశముల నుండి రావలెను. యంత్రములు అచ్చట నుండియే రావలెను. అమెరికా చిత్రములు తమ దేశములోనే పెట్టుబడిని రాబట్టుకొని వచ్చును గనుక ఇచ్చట చవుకగా అద్దెకు దొరకెడివి. దేశీయ చిత్రము తన ఖర్చునంతటిని ఇచ్చటనే రాబట్టుకొనవలెను. బరువైన పోటీ అది. శాలల ఆదాయము చిత్రములు మ్రింగివేసినవి. చిత్రముల అప్పు శాలలను మ్రింగివేసినది. తాను ఒకటొకటిగా కట్టిన ఇండ్లు ఒకటొకటిగా పరుల చేతులలోనికి పోవుట ఆయన కన్నులారా చూచినారు. మొదటి తాకట్టు ఆయనను నిలబెట్టినది. తరువాతి అప్పులు పడగొట్టినవి. రెండింటికిని మూలమయిన గుణము ఒక్కటే. ఆ గుణము లేకున్నచో ఆయన ఒక మంచి ఫోటోగ్రాఫరుగా సుఖముగా జీవించి, మరపున పడిపోయెడివారు.

1931లో బొంబాయిలో అర్దేషిర్ ఇరానీగారు ఆలం ఆరాను నిర్మించినారు. ఉర్దూ నాటకరంగము పెంచిన భాషలో భారతదేశపు తొలి పూర్తి నిడివి శబ్దచిత్రము పలికినది. ఆ సంస్థలో పనిచేసిన హెచ్.ఎం. రెడ్డిగారే అచ్చటనే తెలుగు భక్త ప్రహ్లాదను తీసినారు. 1932 ఫిబ్రవరి 6న అది విడుదలయినది. ఉర్దూకును, తెలుగుకును వెండితెరపై నోరు విప్పిన ఇల్లు ఒక్కటే అగుట ఒక చక్కని యోగము. అప్పటికి వెంకయ్యగారికి అరువది రెండేండ్లు. విక్టోరియా హాలులో గ్రామఫోను పళ్ళెముతో బొమ్మలకు మాటను జోడించి చూపిన మనిషి, ఆ కల నిజమగునాటికి రంగము నుండి తప్పుకొన్నవాడయినాడు. 1941 మార్చి 15న మద్రాసులో ఆయన కన్నుమూసినారు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 1980లో ఆయన పేర పురస్కారమును నెలకొల్పి, మొదట ఎల్.వి. ప్రసాద్‌గారికి అందజేసినది.

వెంకయ్యగారు తీయించిన మూకీ చిత్రములు నేడు దొరకుట లేదు. ఆయన కట్టిన మూడు శాలలును నేడు లేవు. గెయిటీ పోయినది, క్రౌను పోయినది, రాక్సీ పోయినది. ఆ స్థలములలో వేరు కట్టడములు లేచినవి. విక్టోరియా హాలు మాత్రము నిలిచినది. దానికిని కష్టములు తప్పలేదు. కౌలు గడువు తీరి, తలుపులు మూతపడి, కప్పు కారి, పావురములకు నిలయమై దశాబ్దములు గడిచినవి. ప్రక్కనున్న మూర్ మార్కెట్టు 1985లో అగ్నికి ఆహుతియైనది. ఇంత జరిగినను, 2023లో చెన్నై నగరపాలక సంస్థ ఆ హాలునకు పునరుద్ధరణ పనులు ఆరంభించినది. ఒకటి నిలుచుటకును, మూడు పోవుటకును కారణమేమని విద్యార్థులు ఆలోచింపవలెను. విక్టోరియా హాలును రాజులు, జమీందారులు, పౌరులు కలిసి కట్టినారు, నేల నగరముది. అది ఎవరి అప్పుకును జప్తు కాదు. గెయిటీ ఒక్క మనిషి రెక్కల కష్టము. ఆ రెక్కలు అలసిన దినమున దానిని ఆదుకొను సంఘము లేకపోయినది.

ఇందు వెంకయ్యగారి లోపము కంటె సమాజపు లోపమే ఎక్కువ అని మేము తలంచుచున్నాము. దేవాలయము పాడుపడినచో ఊరు కదలును. మసీదు గోడ కూలినచో జమాతు కదలును. పదిమందియు కూడి నవ్విన, ఏడ్చిన శాల కూలునపుడు మాత్రము అది యజమాని సొంత వ్యవహారమని ఊరుకొందుము. ఉండవల్లి కొండలో నాలుగంతస్తుల గుహాలయమును తొలిచిన శిల్పుల పేర్లు మనకు తెలియవు; కాని రాయి నిలిచినది గనుక పని మిగిలినది. ఇటుక, సున్నము, ఇనుముతో కట్టిన వానికి అంత ఆయుష్షు లేదు. వానిని నిలుపవలసినది మనుష్యుల జ్ఞాపకము, పౌరుల పూనిక.

మన జిల్లాలలో పాత నాటకశాలలు, పాత చిత్రశాలలు ఇంకను కొన్ని మిగిలియున్నవి. సెలవు దినములలో విద్యార్థులు వాని వద్దకు పోయి, కట్టినవారెవరో, ఏ ఏటనో, ఏ మేస్త్రీయో, కమాను ఎట్లు త్రిప్పినారో, స్తంభము ఎచ్చట నిలిపినారో పెద్దలనడిగి వ్రాసికొనవలెను. కొలతలు తీసికొనవలెను, ఫోటోలు తీయవలెను. తెలుగున వ్రాయువారు తెలుగున, ఉర్దూన వ్రాయువారు ఉర్దూన వ్రాయుడు. మన సంచికలో రెండింటికిని పుటలు కలవు. స్టూడియోను తాకట్టు పెట్టి పదిమందికి ఇల్లు కట్టిన మచిలీపట్నపు సుబేదారు కుమారునకు అంతకు మించిన నివాళి వేరొకటి లేదు.